రెండు లోహాలు, రెండు లిగాండ్లు, ఒకే ఫ్లాస్క్: సెల్ఫ్-సార్టింగ్‌ను లెక్కగట్టి, చేసి, నిరూపించే పద్ధతి

ఒకే ఫ్లాస్కులో రాగి(1), ఇనుము(2) అయాన్లు వేసి (బ్రాకెట్లోని అంకె లోహం మీది ధనావేశం), వాటితో రెండు రకాల లిగాండ్లు, అంటే లోహాన్ని పట్టుకునే అణువులు, కలిపితే కనీసం ఏడు రకాల కాంప్లెక్సులు (లోహం-లిగాండ్ జతలు) పుట్టే వీలుంది. లిగాండ్లను సరిగ్గా ఎంచుకుంటే మాత్రం చివరికి రెండే మిగులుతాయి. రాగి తనకు కావలసిన లిగాండ్‌ను తీసుకుంటుంది, ఇనుము తనకు కావలసినదాన్ని తీసుకుంటుంది. మధ్యలో ఎవరూ వేరు చేయనక్కర్లేదు. దీన్నే సెల్ఫ్-సార్టింగ్ అంటారు.

ఈ విషయం చదివేటప్పుడు చాలామంది ఒక పొరపాటు అభిప్రాయంతో ఆగిపోతారు: ఈ లోహానికి ఈ లిగాండ్ ఇష్టం, ఆ లోహానికి ఆ లిగాండ్ ఇష్టం, అంతేగా అని. అంతే కాదు. ఒక లోహానికి ఉన్న ఇష్టం బలహీనంగా ఉన్నా, పక్కనున్న ఇంకో లోహం బలంగా లాగడం వల్ల మొత్తం మిశ్రమం శుభ్రంగా విడిపోవచ్చు. అంటే విడిపోవడమన్నది ఏ ఒక్క కాంప్లెక్సు గుణమో కాదు, ఒకదానితో ఒకటి పోటీపడే లోహాలు, లిగాండ్ల మొత్తం నెట్‌వర్క్‌ది. ఈ మాటను అంకెలతో చూపించడానికే ఈ మార్గదర్శి. తీసుకున్న ఉదాహరణ కెమిస్ట్రీ చదివిన ప్రతి ఒక్కరికీ కొంతైనా పరిచయం ఉన్నదే: ఫెనాంత్రోలిన్, దానికి 2, 9 స్థానాల్లో రెండు మిథైల్ గ్రూపులు తగిలించిన నియోక్యుప్రోయిన్. నీళ్ళలో ఇనుము ఎంతుందో చూడటానికి మొదటిది, రాగి ఎంతుందో చూడటానికి రెండోది దశాబ్దాలుగా వాడుతున్నారు. ఎమ్మెస్సీ ల్యాబులో ఉండే సామానుతోనే మొదటి భాగమంతా చేయొచ్చు.

కాస్త వెనక్కి

1993లో స్ట్రాస్‌బర్గ్‌లో జాన్-మరీ లెన్ బృందం ఒక ప్రయోగం ప్రచురించింది. రెండు, మూడు, నాలుగు, అయిదు బైపిరిడీన్ యూనిట్లున్న నాలుగు రకాల పొడవాటి లిగాండ్లను రాగి(1)తో కలిపి వదిలేశారు. ప్రతి తంతువూ తన పొడవే ఉన్న ఇంకో తంతువుతో జతకట్టి జంట హెలిక్స్ (మెలితిరిగిన జంట) అయింది. పొట్టిదీ పొడవుదీ కలిసిన జంటలు లేవు. అదే పేపర్లో ఇంకో ప్రయోగం: రెండు రకాల లిగాండ్లకు రాగి(1), నికెల్(2) రెండూ ఇస్తే రాగి జంట హెలిక్స్‌గా, నికెల్ మూడు తంతువుల హెలిక్స్‌గా విడిపోయాయి. 1997లో బర్క్‌లీలో కెన్నెత్ రేమండ్ బృందం గాలియం(3)తో ఇలాంటిదే చూపించింది. 2003లో మేరీలాండ్‌లో లైల్ ఐజాక్స్ అసలు సెల్ఫ్-సార్టింగ్ మినహాయింపా, నియమమా అన్న ప్రశ్నను నేరుగా లేవనెత్తాడు. ఆ తర్వాత జోనథన్ నిట్ష్కే లాంటివాళ్ళు లిగాండ్‌ను కూడా అదే ఫ్లాస్కులో, ఆల్డిహైడ్, అమీన్ ముక్కల నుంచి తయారయ్యేలా చేశారు. అక్కడి నుంచి ఇది నిజంగా నెట్‌వర్క్ సమస్య అయింది. దాని సంగతి చివర్లో చూద్దాం.

1వ మెట్టు: వీలున్నవన్నీ కాగితం మీద రాయండి

రాగి(1) రెండు లిగాండ్లను పట్టుకుంటుంది. మన దగ్గర ఫెనాంత్రోలిన్, నియోక్యుప్రోయిన్ ఉన్నాయి కాబట్టి రాగితో మూడు వీలున్నాయి: రెండూ ఫెనాంత్రోలిన్లు, రెండూ నియోక్యుప్రోయిన్లు, లేదా ఒక్కొక్కటి. ఇనుము(2) మూడు లిగాండ్లను పట్టుకుంటుంది కాబట్టి నాలుగు వీలున్నాయి. మొత్తం ఏడు. సగం నిండినవి, ద్రావణి అణువులు అతుక్కున్నవి దీనికి అదనం.

ఈ లెక్క చిన్నపిల్లల లెక్కలా కనిపించినా వదలొద్దు. తర్వాత మాస్ స్పెక్ట్రమ్‌లో ఏ శిఖరం కోసం వెతకాలో ఈ జాబితానే చెబుతుంది. జాబితాలో రాసుకోని కాంప్లెక్సు కోసం ఎవరూ వెతకరు.

2వ మెట్టు: ఏ లోహానికి ఏం కావాలో తేల్చుకోండి

రాగి(1)లో డి-ఆర్బిటాళ్ళలో పది ఎలక్ట్రాన్లూ నిండి ఉంటాయి. చతుర్ముఖి ఆకారం దానికి హాయి. నియోక్యుప్రోయిన్‌లోని మిథైల్ గ్రూపులు నైట్రోజన్ల పక్కనే ఉంటాయి కాబట్టి రెండు లిగాండ్లు ఒకదానికొకటి అడ్డంగా నిలబడక తప్పదు. అది రాగి(1) కోరుకునేదే. పైగా రాగి(2)గా మారాలంటే కాంప్లెక్సు కొంత చదునుగా అవ్వాలి, మిథైళ్ళు దానికి అడ్డుపడతాయి. అందుకే ఈ కాంప్లెక్సు గాలిని కూడా బాగానే తట్టుకుంటుంది.

ఇనుము(2) కథ వేరు. మూడు ఫెనాంత్రోలిన్లు అష్టముఖి ఆకారంలో చుట్టూ చేరితే ఇనుము లో-స్పిన్ స్థితిలోకి (ఎలక్ట్రాన్లన్నీ జతలుగా సర్దుకునే స్థితి; విడివిడిగా ఉంటే హై-స్పిన్) వెళ్తుంది, ఇనుము-నైట్రోజన్ దూరం దాదాపు 1.97 ఆంగ్‌స్ట్రామ్‌లకు కుదించుకుపోతుంది. మిథైల్ గ్రూపులుంటే లిగాండ్లు అంత దగ్గరికి రాలేవు. నియోక్యుప్రోయిన్‌తో ఇనుము ఎర్రరంగు ఇవ్వకపోవడానికీ, రాగిని ఇనుము మధ్యలో కూడా కొలవగలగడానికీ కారణం ఇదే.

3వ మెట్టు: అంకెలు వేయండి

నా ఉద్దేశంలో మొత్తం పనిలో విలువైన మెట్టు ఇదే. గ్లాసు సామాను తీయకముందే పూర్తి చేయాలి.

మొదట, విడిపోవడం ఎంత ఖరీదైనదో చూడండి. ఒక లోహం, రెండు లిగాండ్లు ఉండి, ఏ ఇష్టమూ లేదనుకుందాం. ఒకే రకం లిగాండ్లున్న రెండు కాంప్లెక్సులు, వాటి మధ్య ఒక మిశ్రమ కాంప్లెక్సు వస్తాయి. సంభావ్యత ప్రకారం 25, 50, 25 శాతాలుగా పంచుకుంటాయి. మిశ్రమ కాంప్లెక్సు వైపు సమతాస్థిరాంకం 4 అన్నమాట. ఆ మిశ్రమం 1 శాతానికి పడిపోవాలంటే స్థిరాంకం 0.0004 దగ్గరికి, అంటే పది వేల రెట్లు దిగాలి. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇది మోలుకు దాదాపు 23 కిలోజౌల్స్. ఎవరో ఒకరు ఇంత శక్తి చెల్లిస్తేనే సార్టింగ్ జరుగుతుంది. కాబట్టి మీ డిజైన్‌లో ఆ చెల్లింపు ఎక్కడి నుంచి వస్తోందో వేలుపెట్టి చూపించగలగాలి.

ఇప్పుడు మన జంట. రాగి(1)కి రెండు ఫెనాంత్రోలిన్లతో మొత్తం స్థిరత్వ స్థిరాంకం (కాంప్లెక్సు ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పే అంకె) లాగ్ విలువ దాదాపు 15.8. రెండు నియోక్యుప్రోయిన్లతో దాదాపు 19.1. తేడా 3.3 లాగ్ యూనిట్లు, ఒక్కో లిగాండ్‌కు పంచితే 45 రెట్లు మొగ్గు. వినడానికి బాగానే ఉంది, కానీ చాలదు. రాగి ఒకటి, నియోక్యుప్రోయిన్ రెండు, ఫెనాంత్రోలిన్ రెండు పాళ్ళలో కలిపి, మిశ్రమ కాంప్లెక్సుకు సంభావ్యత ఇచ్చే మేలు తప్ప ఇంకేమీ లేదనుకుని లెక్కేస్తే, రాగిలో దాదాపు నాలుగో వంతు మిశ్రమ కాంప్లెక్సుగానే ఉండిపోతుంది. రాగి ఒంటరిగా సరిగ్గా విడదీయలేదు.

ఇనుమును తీసుకురండి. ఫెనాంత్రోలిన్లు ఒక్కొక్కటే ఇనుము(2)కు చేరేటప్పుడు లాగ్ విలువలు వరుసగా 5.9, 5.3, 10 దగ్గర ఉంటాయి. మొత్తం 21 పైన. ఈ మూడో అంకెను గమనించండి. మామూలుగా లిగాండ్లు చేరేకొద్దీ తర్వాతిది చేరడం బలహీనపడాలి. ఇక్కడ మూడోది అన్నిటికంటే బలంగా పడుతోంది. ఎందుకంటే మూడో ఫెనాంత్రోలిన్ చేరినప్పుడే ఇనుము హై-స్పిన్ నుంచి లో-స్పిన్‌కు దూకుతుంది. ఆ దూకుడే మన 23 కిలోజౌల్స్ బిల్లులో ఎక్కువ భాగం కడుతోంది. ఇనుము ఫెనాంత్రోలిన్లను ఒకటీ అరా తీసుకోదు, మూడు మూడుగా మింగేస్తుంది. స్వేచ్ఛగా తిరిగే ఫెనాంత్రోలిన్ దాదాపు మిగలదు.

ఇప్పుడు రాగి ఒకటి, ఇనుము ఒకటి, నియోక్యుప్రోయిన్ రెండు, ఫెనాంత్రోలిన్ మూడు పాళ్ళతో, లోహాలు 0.1 మిల్లీమోలార్ చొప్పున ఉన్నాయనుకుని లెక్క మళ్ళీ వేయండి. రాగి మిశ్రమ కాంప్లెక్సు ఒకటి రెండు శాతానికి పడిపోతుంది. రాగి స్థిరాంకాలు మారలేదు, దాని ఇష్టం పెరగలేదు. పక్కన ఇనుము వచ్చి పోటీ లిగాండ్‌ను ఖాళీ చేసింది, అంతే. లెన్ బృందం ఇలాంటి సంబంధాలను వర్ణించేటప్పుడు నెట్‌వర్క్‌లో ఒక కాంప్లెక్సు పెరిగితే ఏది దానితో పాటు పెరుగుతుంది, ఏది తగ్గుతుంది అని చూస్తారు. ఒకే ముక్క కోసం కొట్టుకునేవి శత్రువులు, ఒకే ముక్కను పంచుకోనివి మిత్రులు. మన ఉదాహరణలో ఇనుము-ఫెనాంత్రోలిన్, రాగి-నియోక్యుప్రోయిన్ మిత్రులు.

ఈ స్థిరాంకాలు వేర్వేరు ద్రావణులలో కొలిచినవి కాబట్టి ఫలితాన్ని అంచనాగానే తీసుకోండి. లెక్కను స్ప్రెడ్‌షీట్‌లో చేస్తే ఒక లాభం ఉంది: గాఢతను పది రెట్లు తగ్గిస్తే ఏమవుతుందో వెంటనే చూడొచ్చు. పలచబడేకొద్దీ విడిపోవడం కాస్త వదులవుతుంది. ప్రయోగంలో 0.05 మిల్లీమోలార్ వాడబోతున్నాం కాబట్టి అది గుర్తుంచుకోవాలి.

4వ మెట్టు: పాళ్ళు చూసుకోండి

ఒకటి, ఒకటి, రెండు, మూడు. ఈ పాళ్ళలో ప్రతి లోహం పూర్తిగా నిండుతుంది, ప్రతి లిగాండ్‌కూ చోటు దొరుకుతుంది. ఏదీ మిగలదు. ఫెనాంత్రోలిన్ అర పాలు ఎక్కువైతే అది రాగి దగ్గరికి వెళ్తుంది, మిశ్రమ కాంప్లెక్సు మళ్ళీ తలెత్తుతుంది. నియోక్యుప్రోయిన్ కొద్దిగా ఎక్కువైతే నష్టం లేదు, ఇంకా మంచిదే. ఈ అసమానతను ముందే తెలుసుకుంటే తూకంలో ఎటువైపు జాగ్రత్త పడాలో తెలుస్తుంది.

కొనుగోలు చేసిన ఫెనాంత్రోలిన్ మామూలుగా మోనోహైడ్రేట్. నియోక్యుప్రోయిన్ నిర్జలంగానూ దొరుకుతుంది, హెమీహైడ్రేట్‌గానూ దొరుకుతుంది. సీసా మీద ఏముందో చదివి అణుభారం వేయండి. పాళ్ళు తప్పడానికి నేను చూసిన అతి మామూలు కారణం ఇదే.

5వ మెట్టు: ద్రావణాలు

నాలుగు స్టాక్ ద్రావణాలు, ఒక్కోటి 100 మిల్లీలీటర్లు, 1 మిల్లీమోలార్:

మోర్ లవణం, అంటే ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్ హెక్సాహైడ్రేట్, 39.2 మిల్లీగ్రాములు, నీళ్ళలో, రెండు మూడు చుక్కల సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో. ఆమ్లం లేకపోతే ఇనుము(2) మెల్లగా ఇనుము(3) అవుతుంది.
మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్, 25.0 మిల్లీగ్రాములు, నీళ్ళలో.
ఫెనాంత్రోలిన్ మోనోహైడ్రేట్ 19.8 మిల్లీగ్రాములు, ఇథనాల్‌లో.
నిర్జల నియోక్యుప్రోయిన్ 20.8 మిల్లీగ్రాములు, ఇథనాల్‌లో. హెమీహైడ్రేట్ అయితే 21.7.

వీటితో పాటు పీహెచ్ 5 దగ్గర ఉండే సోడియం అసిటేట్ బఫర్, అప్పుడే కలిపిన పలచని హైడ్రాక్సిలమీన్ హైడ్రోక్లోరైడ్ ద్రావణం కావాలి. మైలుతుత్తంలో ఉన్నది రాగి(2), దాన్ని రాగి(1)గా దించడానికీ, ఇనుమును 2లోనే ఉంచడానికీ ఈ హైడ్రాక్సిలమీన్. ఇది విషపూరితం, చర్మానికి హాని చేస్తుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు తప్పనిసరి. దాని బదులు ఆస్కార్బిక్ ఆమ్లం కూడా రాగిని దించుతుంది. డిగ్రీ విద్యార్థులతో చేయిస్తుంటే నేను దాన్నే సూచిస్తాను. ఏది వాడినా అన్నీ కలిపాక పీహెచ్ మళ్ళీ చూడండి. ఆమ్లత్వం ఎక్కువైతే ప్రోటాన్ కూడా పోటీలోకి దిగి లిగాండ్లను పట్టుకుంటుంది, అప్పుడు మీ లెక్కలో లేని ఇంకో ఆటగాడు ఉన్నట్టే.

10 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో వేయాల్సినవి: రాగి 0.5, ఇనుము 0.5, నియోక్యుప్రోయిన్ 1.0, ఫెనాంత్రోలిన్ 1.5 మిల్లీలీటర్లు, బఫర్ 2, రిడ్యూసింగ్ ద్రావణం అర మిల్లీలీటరు, మిగతాది గుర్తు దాకా నీళ్ళు-ఇథనాల్ సగం సగం మిశ్రమం.

6వ మెట్టు: మూడు దారుల్లో కలపండి

ఒకే దారిలో చేసి ఫలితం బాగుందని సంబరపడితే పని సగమే అయినట్టు. సమతాస్థితికి చేరామని చెప్పాలంటే వేర్వేరు దారుల్లో బయల్దేరి ఒకే చోటికి రావాలి. అందుకని మూడు ఫ్లాస్కులు పెట్టండి. మూడింట్లోనూ మొత్తం పదార్థాలు ఒకటే, వరుస మాత్రమే వేరు.

మొదటి ఫ్లాస్కులో లిగాండ్లు రెండూ ముందు కలిపి, బఫర్, రిడ్యూసింగ్ ద్రావణం వేసి, చివర లోహాలు రెండూ వేయండి. ఇది మామూలు దారి.

రెండోది తప్పు జతలతో మొదలయ్యేది. ఒక బీకరులో రాగికి మొత్తం ఫెనాంత్రోలిన్ ఇవ్వండి, ఇంకో బీకరులో ఇనుముకు మొత్తం నియోక్యుప్రోయిన్ ఇవ్వండి. బఫర్, రిడ్యూసింగ్ ద్రావణం రెంటికీ పంచండి. ఇనుము బీకరులో చెప్పుకోదగ్గ రంగు రాదు. రాగి బీకరు గోధుమ-నారింజ రంగులోకి వస్తుంది. తర్వాత రెండూ ఒకే ఫ్లాస్కులోకి వంచండి. ఫెనాంత్రోలిన్ రాగిని వదిలి ఇనుము దగ్గరికి పరుగెత్తడం కళ్ళతోనే కనిపిస్తుంది, ద్రావణం ఎరుపెక్కుతుంది. ఈ ఒక్క దృశ్యం కోసమైనా ఈ ప్రయోగాన్ని క్లాసులో చేయించాలి.

మూడో ఫ్లాస్కులో సరైన జతలు విడివిడిగా చేసి కలపండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. కలిపాక ఏమీ మారకపోతే అది సమతాస్థితి కాబట్టి మారలేదా, లేక కదలడానికి టైమ్ చాలక మారలేదా? రాగి(1) లిగాండ్లను క్షణాల్లో మార్చుకుంటుంది. ఇనుము మాత్రం లో-స్పిన్‌లోకి వెళ్ళాక బద్ధకస్తురాలు. ట్రిస్-ఫెనాంత్రోలిన్ ఇనుము నుంచి ఒక లిగాండ్ ఊడటానికి 25 డిగ్రీల దగ్గర నీళ్ళలో అర్ధాయువు దాదాపు రెండున్నర గంటలు. కాబట్టి ఈ ఫ్లాస్కును మూత బిగించి ఒక రాత్రి వదిలేయండి, లేదా 50 డిగ్రీల నీటి తొట్టిలో ఓ గంట ఉంచి చల్లార్చండి. వేడికి ఈ ఊడటం చాలా వేగం అందుకుంటుంది. ఆ తర్వాతే కొలవండి.

మూడు ఫ్లాస్కుల స్పెక్ట్రాలు ఒకదాని మీద ఒకటి పడితే మీ ఫలితం థర్మోడైనమిక్స్ ఇచ్చినది. రెండోది మిగతా రెంటికీ తేడాగా ఉంటే ఎక్కడో ఇరుక్కుంది, అంటే కైనెటిక్ ట్రాప్.

7వ మెట్టు: కొలవండి, కానీ ఒక్క పరికరాన్నే నమ్మకండి

యూవీ-విజిబుల్‌తో మొదలుపెట్టండి. ఇనుము-ఫెనాంత్రోలిన్ కాంప్లెక్సు 510 నానోమీటర్ల దగ్గర గరిష్ఠంగా శోషిస్తుంది, మోలార్ శోషణ గుణకం దాదాపు 11,100. రాగి-నియోక్యుప్రోయిన్ 454 దగ్గర, దాదాపు 7,950. 0.05 మిల్లీమోలార్ దగ్గర, 1 సెంటీమీటర్ క్యువెట్‌లో ఇవి వరుసగా 0.55, 0.40 శోషణ ఇస్తాయి. పరికరం నమ్మకంగా చదివే పరిధి ఇది. ఇనుము కాంప్లెక్సు 454 దగ్గర కూడా బాగానే శోషిస్తుంది, కాబట్టి ఆ రెండు తరంగదైర్ఘ్యాల దగ్గర మాత్రమే చదివి తేల్చకండి. రెండు శుద్ధ కాంప్లెక్సులనూ అదే బఫర్‌లో, అదే ద్రావణిలో విడిగా చేసి, 400 నుంచి 600 దాకా పూర్తి స్పెక్ట్రమ్ తీసుకోండి. ఆ రెంటినీ కూడి, మిశ్రమం స్పెక్ట్రమ్ నుంచి తీసేయండి. మిగిలిన గీత సున్నా చుట్టూ చదునుగా ఉండాలి.

చదునుగా ఉందని కేసు మూసేయకండి. రాగి-ఫెనాంత్రోలిన్ కాంప్లెక్సు శిఖరం 435-440 మధ్య ఉంటుంది, 454కు చాలా దగ్గర. రాగి మిశ్రమ కాంప్లెక్సు రెండు మూడు శాతం ఉంటే ఈ పద్ధతికి అది కనిపించకపోవచ్చు. ఇనుము సరిగ్గా విడిపోయిందని యూవీ-విజిబుల్ గట్టిగా చెబుతుంది, రాగి గురించి అంత గట్టిగా చెప్పలేదు.

ఆ ఖాళీని మాస్ స్పెక్ట్రోమెట్రీ పూరిస్తుంది. ఎలక్ట్రోస్ప్రేలో (ద్రావణాన్ని అయాన్లుగా చిమ్మే పద్ధతి) వెతకాల్సిన ఎం/జెడ్ (ద్రవ్యరాశి/ఆవేశం) విలువలు, మొదటి మెట్టులో రాసుకున్న జాబితా నుంచే: రాగి-రెండు నియోక్యుప్రోయిన్లు 479, మిశ్రమ రాగి కాంప్లెక్సు 451, రాగి-రెండు ఫెనాంత్రోలిన్లు 423, ఇనుము-మూడు ఫెనాంత్రోలిన్లు 298, వాటిలో ఒకటి నియోక్యుప్రోయిన్ అయితే 312. ఇనుము అయాన్ల మీద ఆవేశం రెండు కాబట్టి ఐసోటోప్ శిఖరాల మధ్య దూరం అర యూనిట్ ఉంటుంది, గుర్తుపట్టడం తేలిక. శిఖరం ఎత్తు పరిమాణాన్ని చెప్పదు. ఎగిరే గుణం ఒక్కో అయాన్‌కు ఒక్కోలా ఉంటుంది, పైగా స్ప్రేలోనే లిగాండ్లు మారొచ్చు. 451 అసలు లేదంటే మంచి వార్తే, కొద్దిగా ఉందంటే మాత్రం ద్రావణంలో అంతే ఉందని అర్థం కాదు.

చివరి మాట ప్రోటాన్ ఎన్.ఎం.ఆర్.ది. ఈ జంట ఎంపికలో ఇంకో అదృష్టం ఇక్కడ కలిసొస్తుంది: రాగి(1), లో-స్పిన్ ఇనుము(2) రెండూ డయామాగ్నెటిక్, అంటే జతకాని ఎలక్ట్రాన్లు లేనివి. శుభ్రమైన, సన్నని గీతలు వస్తాయి. ఇనుముకు నియోక్యుప్రోయిన్ తగులుకుంటే హై-స్పిన్ అయ్యి, గీతలు వెడల్పై చాలా దూరం చెదిరిపోతాయి. తప్పు జత ఉందో లేదో ఈ ఒక్క లక్షణమే పట్టిస్తుంది. నియోక్యుప్రోయిన్ మిథైల్ గీతను కూడా కనిపెట్టి ఉండండి. విడిగా ఉన్నప్పుడు 2.8 పీపీఎం దగ్గర ఉండేది రాగి కాంప్లెక్సులో 2.4 దగ్గరికి జరుగుతుంది, ఎదురుగా ఉన్న రెండో లిగాండ్ వలయం నీడ దాని మీద పడుతుంది కాబట్టి. మిశ్రమ కాంప్లెక్సులో ఎదురుగా ఉండే లిగాండ్ వేరు కనుక గీత స్థానం కూడా కాస్త తేడాగా ఉంటుంది. రాగి మీద మార్పిడి వేగంగా జరుగుతుంటే రెండు గీతలు కలిసి ఒకటిగా, వెడల్పుగా కనిపించవచ్చు. అలాంటప్పుడు ఉష్ణోగ్రత తగ్గించి మళ్ళీ తీయండి.

ఎన్.ఎం.ఆర్. కోసం కొన్ని మిల్లీమోలార్ల గాఢత కావాలి, కాబట్టి డ్యుటీరియేటెడ్ అసిటోనైట్రైల్‌లో, టెట్రాకిస్-అసిటోనైట్రైల్ రాగి(1) టెట్రాఫ్లోరోబోరేట్, ఇనుము(2) టెట్రాఫ్లోరోబోరేట్ హెక్సాహైడ్రేట్‌తో, నైట్రోజన్ కింద చేయండి. పాత పేపర్లలో పెర్క్లోరేట్ లవణాలు కనిపిస్తాయి. అవి పేలే ప్రమాదం ఉన్నవి, టెట్రాఫ్లోరోబోరేట్ చేతిలో ఉండగా వాటి జోలికి వెళ్ళొద్దు. అసిటోనైట్రైల్ స్వయంగా రాగి(1)ని బాగా పట్టుకుంటుంది కాబట్టి 3వ మెట్టులోని అంకెలు ఇక్కడ అలాగే వర్తించవు.

8వ మెట్టు: ఇనుము తీసేసి జింకు పెట్టండి

నెట్‌వర్క్ గురించి చెప్పిన మాట నిజమో కాదో తేల్చే కంట్రోల్ ఇది. జింకు(2) కూడా మూడు ఫెనాంత్రోలిన్లను పట్టుకుంటుంది, మొదటి రెండు బాగానే పడతాయి. మూడోదానికి లాగ్ విలువ 5 దగ్గరే. ఇనుములో జరిగిన స్పిన్ దూకుడు జింకులో లేదు, దాని డి-ఆర్బిటాళ్ళు నిండిపోయి ఉన్నాయి. కాబట్టి 0.1 మిల్లీమోలార్ దగ్గర మూడో ఫెనాంత్రోలిన్‌లో మూడో వంతు దాకా ఊడిపోయి బయట తిరుగుతుంటుంది. అది రాగిని వెతుక్కుంటుంది. జింకు కాంప్లెక్సులకు కంటికి కనిపించే ప్రాంతంలో రంగు లేదు కనుక స్పెక్ట్రమ్‌లో కనిపించేదంతా రాగిదే, 454 దగ్గరి పట్టీ ఆకారం శుద్ధ కాంప్లెక్సుతో ఎంత తేడాగా ఉందో నేరుగా పోల్చొచ్చు. అదే రాగి, అవే లిగాండ్లు, అవే పాళ్ళు. పక్కనున్న లోహం మారినందుకే రాగి శుభ్రత తగ్గుతుంది.

9వ మెట్టు: లిగాండ్లు కూడా ఫ్లాస్కులోనే పుడితే

ఇప్పటిదాకా లిగాండ్లు సీసాలోంచి వచ్చాయి. అసలైన డైనమిక్ నెట్‌వర్క్‌లో అవి కూడా మారుతూ ఉంటాయి. పిరిడీన్-2-కార్బాల్డిహైడ్, దానికి 6వ స్థానంలో మిథైల్ ఉన్న రూపం, రెండు రకాల అమీన్లు తీసుకోండి. ఆల్డిహైడ్, అమీన్ కలిసి నీటిని వదిలి ఇమీన్ అవుతాయి, ఇమీన్ మళ్ళీ విడిపోగలదు, అమీన్లు చోట్లు మార్చుకోగలవు. రెండు ఆల్డిహైడ్లు, రెండు అమీన్లతో నాలుగు ఇమీన్లు. రాగి వాటిలో రెండేసి పట్టుకుంటే పది వీలున్నాయి, ఇనుము మూడేసి పట్టుకుంటే ఇరవై. ఐసోమర్లు వదిలేసినా ముప్ఫై కాంప్లెక్సులు. అందులోంచి రెండే రావాలి.

తర్కం మాత్రం పాతదే. నైట్రోజన్ పక్కన మిథైల్ ఉన్న ఇమీన్ రాగికి, లేనిది ఇనుముకు. కానీ మిథైల్ ఆల్డిహైడ్‌ను మాత్రమే పంచిపెడుతుంది. ఏ అమీన్ ఎటు వెళ్ళాలో చెప్పడానికి ఇంకో కారణం కావాలి: అమీన్ ఎలక్ట్రాన్లు ఇచ్చే గుణం, లావు, లేదా అదనంగా లోహాన్ని పట్టుకునే ఇంకో పరమాణువు. డిజైన్ చేసేటప్పుడు ప్రతి ముక్కకూ ఇలా విడిగా ఒక కారణం రాసిపెట్టుకోండి. కారణం లేని ముక్క సంభావ్యత ప్రకారం రెండు వైపులా పంచుకుపోతుంది.

2020లో లెన్, జాన్-ఫ్రాన్స్వా ఏమ్ కలిసి ప్రచురించిన పని సరిగ్గా ఈ సమస్య మీదే: రెండు ఇమీన్ కాంప్లెక్సుల సార్టింగ్‌లో థర్మోడైనమిక్స్, కైనెటిక్స్ ఎలా సరితూగాలి అని. అదే ఏడాది రాగి(1), ఇనుము(2), జింకు(2) మూడింటినీ ఒకేసారి విడదీసిన పని కూడా ఆ బృందం నుంచి వచ్చింది. మన దేశంలో బెంగళూరు ఐఐఎస్సీలో పార్థసారథి ముఖర్జీ, ఐఐటీ మద్రాస్‌లో దిలీప్ కుమార్ చంద్ బృందాలు పల్లాడియం, ప్లాటినం కట్టే పంజరాల మీద ఎంతో పనిచేశాయి. ఈ దారిలో పీహెచ్‌డీ చేయాలనుకునే తెలుగు విద్యార్థులు వాళ్ళ పేపర్లు వెతికి చదవాలి.

ఇమీన్ల దగ్గర ఇనుము బద్ధకం రెండు వైపులా పదునున్నదవుతుంది. సరైన ఇమీన్‌ను పట్టుకుంటే ఇక వదలదు, మంచిదే. కానీ లైబ్రరీ, అంటే ఇమీన్ల మిశ్రమం, ఇంకా కలుస్తుండగా ఇనుము ముందుగా వచ్చి తప్పు ఇమీన్‌ను బిగించేస్తే లోపలి ఇమీన్ మారడం చాలా నిదానిస్తుంది. అందుకని వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఆల్డిహైడ్లు, అమీన్లు కలిపి ఇమీన్లు సమతాస్థితికి వచ్చేదాకా ఆగండి, ఎన్.ఎం.ఆర్.లో 10 పీపీఎం దగ్గరి ఆల్డిహైడ్ గీత ఇక తగ్గకుండా నిలబడిందో లేదో చూడండి. తర్వాత రాగి వేయండి, అది త్వరగా సర్దుకుంటుంది. ఇనుమును చివర వేసి, మూసిన ట్యూబులో 60 డిగ్రీల దగ్గర వేడి చేస్తూ మధ్య మధ్యలో స్పెక్ట్రమ్ తీయండి. వరుసగా రెండు స్పెక్ట్రాలు ఒకేలా వచ్చేదాకా ఆపొద్దు. తర్వాత ఇంకో ట్యూబులో ఇనుమును ముందు వేసి అదే చేయండి. రెండూ ఒకే చోటికి రాకపోతే ఉష్ణోగ్రత కొంచెం పెంచండి, లేదా అమీన్‌ను ఒకటి రెండు శాతం ఎక్కువ వేసి చూడండి. స్వేచ్ఛగా తిరిగే అమీన్ ఇమీన్ మార్పిడిని వేగం చేస్తుంది. మూడో లోహాన్ని తెచ్చే ముందు లోహాలను రెండేసి చొప్పున, మూడు జంటలుగా విడివిడిగా పరీక్షించండి. జంటల్లో ఏది వదులుగా ఉందో తెలియకుండా ముగ్గురినీ ఒకచోట వేస్తే, సార్టింగ్ చెడినప్పుడు ఎవరి దగ్గర చెడిందో కనిపెట్టే దారి ఉండదు.